చోటు చాలని ఫోను

స్టోరేజ్ నిండిందన్న కబురు తీరిగ్గా ఉన్నప్పుడు రాదు. తలంబ్రాల వేళ వీడియో తీయబోతే వస్తుంది. ఆస్పత్రి కౌంటరు దగ్గర నిలబడి రిపోర్టు డౌన్‌లోడ్ చేయబోతే వస్తుంది. బ్యాంకు యాప్ అప్‌డేట్ చేస్తే తప్ప డబ్బు పంపలేని పూట వస్తుంది. వెనక జనం, ముందు పని. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: గ్యాలరీ తెరిచి, పెద్దగా కనబడిన వీడియోలకు నాలుగు టిక్కులు పెట్టి తీసేయడం. అందులో ఏం పోయిందో నెలల తర్వాత తెలుస్తుంది, నాన్నగారి షష్టిపూర్తి వీడియో చూద్దామని వెతుక్కున్న రోజున.

ఈ అధ్యాయం ఆ తొందర గురించే. ఫోనులో చోటు తక్కువవడం పైకి చిన్న చికాకులా ఉంటుంది. కానీ ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయాన్ని అది మన దగ్గర్నుంచి లాక్కుంటుంది. సరిగ్గా ఆలోచించడానికి వీల్లేని నిమిషంలో దాన్ని మన చేత చేయిస్తుంది. ఆ నిర్ణయాన్ని తీరిక ఉన్న వేళకు జరుపుకోగలిగితే సగం బాధ తీరినట్టే.

కోపం న్యాయమైనదే

ముందుగా ఒక మాట. ఫోను నిండినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ కొరతలో పెద్ద భాగం అమ్మినవాళ్లు తయారు చేసిందే.

2014 ఫిబ్రవరిలో మోటో జీ మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు 8 జీబీ ఫోను రూ.12,499, 16 జీబీ ఫోను రూ.13,999. మెమరీ కార్డు పెట్టుకునే వీలు లేదు. 8 జీబీ కొన్నవారికి సిస్టమ్ పోగా మిగిలింది సుమారు 5 జీబీ. ఆ ఏడాది సెప్టెంబరులో గూగుల్, మన దేశపు కంపెనీలు కలిసి తెచ్చిన ఆండ్రాయిడ్ వన్ ఫోన్లలో లోపలి స్టోరేజ్ 4 జీబీయే, మెమరీ కార్డుకి మాత్రం చోటిచ్చారు. ఖరీదైన ఫోన్లు కొన్నవారికీ ఈ బాధ తప్పలేదు. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 కొన్నవారు 16 జీబీ అని డబ్బిచ్చి, వాడుకోవడానికి 9 జీబీకి అటూ ఇటూ మాత్రమే మిగలడం చూసి గొడవ చేశారు. బ్రిటన్‌లో బీబీసీ వినియోగదారుల కార్యక్రమం దాకా వెళ్లింది ఆ సంగతి.

ఆపిల్ ఐఫోన్‌కు మొదటినుంచీ కార్డు లేదు. 2014లో ఐఫోన్ 6 వచ్చినప్పుడు 16 జీబీ తర్వాతి మెట్టు ఏకంగా 64. మధ్యలో ఉండాల్సిన 32ని తీసేశారు. 16 చాలదని తెలిసినవాడు అవసరం ఉన్నా లేకపోయినా పెద్దదానికి డబ్బు పెట్టాల్సిందే. శాంసంగ్ 2015లో ఎస్6 నుంచి కార్డు స్లాట్ తీసేసింది, జనం అడిగితే 2016లో ఎస్7లో తిరిగి ఇచ్చింది, 2021లో ఎస్21తో మళ్లీ తీసేసింది.

కంపెనీలు చెప్పే కారణాల్లో నిజం లేకపోలేదు. లోపలి మెమరీ వేగం మెమరీ కార్డుకి రాదు. నాసిరకం కార్డు వేసి ఫోను మొరాయిస్తే నింద కంపెనీ మీదికి వస్తుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వేసే ధరకి, ఆ అదనపు మెమరీ చిప్‌కి అయ్యే ఖర్చుకి పొంతన లేదన్నది కొనేవాళ్లందరికీ తెలిసిన సంగతే. లాభం అక్కడుంది కాబట్టే కొరత కూడా అక్కడే ఉంది.

ఈ కోపాన్ని ఒక్కచోట వాడుకోవచ్చు: తర్వాతి ఫోను కొనేటప్పుడు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం. ఈలోగా చేతిలో ఉన్న ఫోనుతో బతకాలి.

తిరిగి వచ్చేవి, తిరిగి రానివి

మీ ఫోనులో ఉన్నవాటిని ఫోటోలు, యాప్‌లు, ఫైళ్లు అని విడదీసి చూపిస్తుంది సెట్టింగ్స్. ఆ విభజన మీకు పెద్దగా పనికిరాదు. ఉన్నవన్నీ రెండు రకాలనుకోండి: తీసేసినా తిరిగి తెచ్చుకోగలిగేవి, పోతే ఇక ఎక్కడా దొరకనివి.

ఆర్నెల్లుగా తెరవని షాపింగ్ యాప్ తిరిగి వచ్చేది. ప్రయాణంలో చూద్దామని యూట్యూబ్‌లోనో ఓటీటీలోనో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా తిరిగి వచ్చేది. యాప్‌లు తమ సౌకర్యం కోసం పోగేసుకునే క్యాషే కూడా అంతే. కరెంటు బిల్లు మళ్లీ దొరుకుతుంది. ప్రభుత్వం జారీ చేసిన పత్రాలు 2015లో మొదలైన డిజిలాకర్‌లో చాలావరకు దొరుకుతాయి. అమ్మమ్మ ఊరగాయ పాళ్లు చెబుతూ పంపిన వాయిస్ మెసేజ్ మాత్రం మళ్లీ దొరకదు. పాప మొదటి అడుగుల వీడియో దొరకదు. పొలం హద్దురాళ్ల దగ్గర నిలబడి తీసిన ఫోటో, ఇల్లు కట్టేటప్పుడు గోడల్లో పైపులు ఎటు వెళ్లాయో గుర్తుకోసం తీసుకున్న ఫోటో, ఇవీ దొరకవు.

ఆపద్ధర్మంగా చోటు కావాల్సి వచ్చిన నిమిషంలో పాటించాల్సిన నియమం ఒక్కటే: తిరిగి వచ్చేవాటి మీదే చెయ్యి వేయాలి. గ్యాలరీ వైపు వెళ్లనే వద్దు. పెళ్లిపందిట్లో నిలబడి ఉంటే ఏదో ఒక పెద్ద ఆట యాప్‌ను తీసేయండి, అదొక్కటే ఒక జీబీ రెండు జీబీలు ఇస్తుంది. ఓటీటీ డౌన్‌లోడ్‌లు తీసేయండి. టెలిగ్రామ్ వాడేవారైతే అందులో డేటా అండ్ స్టోరేజ్‌లోకి వెళ్లి క్యాషే ఖాళీ చేయండి. సినిమా ఫైళ్ల గ్రూపుల్లో ఉన్నవారికి అక్కడే పది జీబీలు దొరికినా ఆశ్చర్యం లేదు. క్లౌడ్ చాట్‌లలోవి కాబట్టి కావాలంటే మళ్లీ దించుకోవచ్చు. యాప్‌ను పూర్తిగా తీసేయడం ఇష్టం లేకపోతే ఐఫోన్‌లో ఆఫ్‌లోడ్ అనే వీలుంది, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆర్కైవ్ ఉంది. రెండింటిలోనూ యాప్ పోతుంది, అందులోని మీ సమాచారం ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. యాప్ సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాషే పక్కనే క్లియర్ డేటా అని కూడా ఉంటుంది. రెండోది నొక్కితే లాగిన్లు, యాప్‌లో దాచుకున్నవి అన్నీ పోతాయి. వాట్సాప్ విషయంలో బ్యాకప్ లేకుండా అది నొక్కితే చాట్‌లు పోయినట్టే.

గ్రూపులు నింపే ఫోను

మన ఇళ్లలో ఫోను నిండటానికి మొదటి కారణం కెమెరా అనుకుంటాం. చాలామంది పెద్దవాళ్ల ఫోన్లలో అసలు కారణం వాట్సాప్. అపార్ట్‌మెంటు గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, అత్తగారి వైపు గ్రూపు, కులసంఘం గ్రూపు. ప్రతిదాంట్లోనూ తెల్లారేసరికి పువ్వుల మీద శుభోదయం. ఉగాదికీ సంక్రాంతికీ అదే బొమ్మ అయిదు గ్రూపుల్లో అయిదుసార్లు. 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఈ భారతీయ గుడ్‌మార్నింగ్ బొమ్మల మీద ఒక కథనమే వేసింది. ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయో వెతికితే గూగుల్‌కి దొరికిన జవాబుల్లో ఇవి ఒకటి. 2017 డిసెంబరులో ఆ సంస్థ తెచ్చిన ఫైల్స్ గో యాప్ ఇలాంటి చెత్తను ఏరి చూపించేది. ఇప్పుడు దాన్నే ఫైల్స్ అంటున్నారు.

ఆ శుభోదయాలను నేను తక్కువ చేసి మాట్లాడను. ఒంటరిగా ఉన్న పెద్దాయన పొద్దున్నే నలభైమందికి బొమ్మ పంపుతున్నాడంటే, నేనున్నానని చెబుతున్నాడు. ఆ పలకరింపు అందుకోవాలి. దాన్ని ఫోనులో ఏళ్ల తరబడి దాచనక్కర్లేదు, అంతే.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. పైన రెండు పెట్టెలు కనిపిస్తాయి: ఎక్కువసార్లు ఫార్వార్డ్ అయినవి, 5 ఎంబీ కంటే పెద్దవి. మొదటి పెట్టెను పెద్ద ఆలోచన లేకుండా ఖాళీ చేయొచ్చు. నలుగురి చేతులు మారి వచ్చినది మీ జ్ఞాపకం అయ్యే అవకాశం బహు తక్కువ. రెండో పెట్టెను మాత్రం కూర్చుని చూడాలి. మనవరాలి డాన్సు వీడియో అందులోనే ఉంటుంది, పక్కనే ఎవరో పంపిన రాజకీయ ప్రసంగం ఉంటుంది. ఆ కింద గ్రూపుల వారీగా ఏది ఎంత తింటోందో వరసగా ఉంటుంది. సాధారణంగా మొదటి రెండు మూడు గ్రూపుల్లోనే సగం బరువు ఉంటుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు చాట్ కూడా ఆ పై వరసలోనే కనబడొచ్చు. దాని జోలికి వెళ్లకండి. అందులోని వీడియోలను ముందు వేరేచోటికి మార్చాకే మిగతా మాట.

ఒకసారి ఖాళీ చేశాక మళ్లీ నిండకుండా చూడటం ముఖ్యం. అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఉంది. మొబైల్ డేటాకీ వైఫైకీ వీడియోల టిక్కు తీసేయండి. ఆ తర్వాత మీరు వేలితో నొక్కిన వీడియోనే ఫోనులోకి దిగుతుంది. మరీ ఆలస్యం చేస్తే కొన్ని దిగవు, పంపినవారినే మళ్లీ పంపమని అడగాలి. పెళ్లి గ్రూపులో తప్ప ఆ అవసరం పెద్దగా రాదు.

కెమెరా వైపు

వీడియో బరువు ఎంతో చాలామందికి అంచనా ఉండదు. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోనే ఆ లెక్క రాసి ఉంటుంది. పొదుపు ఫార్మాట్‌లో కూడా ఒక నిమిషం 1080పీ వీడియో సుమారు 60 ఎంబీ, అదే నిమిషం 4కేలో సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే సుమారు 400 ఎంబీ. అంటే ఇరవై నిమిషాల స్కూలు వార్షికోత్సవం ఒకరికి 1.2 జీబీ, పక్క కుర్చీలో కూర్చున్నవారికి 8 జీబీ. ఆ వీడియోను ఇద్దరూ చూసేది ఫోను తెర మీదే, లేదంటే హాల్లో టీవీలో. 1080పీ దానికి చక్కగా సరిపోతుంది. 4కేను కచ్చితంగా కావాలనుకున్న నాలుగు సందర్భాలకు అట్టేపెట్టుకోండి.

తీసేసిన ఫోటోలు వెంటనే పోవని కూడా గుర్తుంచుకోవాలి. గ్యాలరీలో ట్రాష్ అనో రీసెంట్లీ డిలీటెడ్ అనో ఒక చోట నెలరోజులపాటు ఉంటాయి, అంతకాలమూ చోటు ఆక్రమిస్తూనే ఉంటాయి. తొందర్లో పొరపాటున తీసినవాటికి అదే రక్ష. కాబట్టి కావాల్సింది పోయిందని అనుమానం వస్తే ముందు అక్కడ వెతకండి. చోటు ఇంకా రాలేదనిపిస్తే దాన్ని ఖాళీ చేయండి.

ఫోనును శుభ్రం చేస్తామని ఊరించే క్లీనర్ యాప్‌ల మాట మరిచిపోండి. ప్రకటనలతో అవే చోటు తింటాయి.

ఎక్స్‌టెండెడ్ ర్యామ్, వర్చువల్ ర్యామ్ అనే సదుపాయం చవక ఫోన్లలో తరచూ వాడుకలో ఉంటుంది. ఆ అదనపు 4 జీబీనో 8 జీబీనో వచ్చేది మీ స్టోరేజ్‌లోంచే. 64 జీబీ ఫోను ఇరుకైపోయినప్పుడు అది ఆపేస్తే ఆ మేరకు చోటు తిరిగి వస్తుంది.

ఎంత ఖాళీ ఉంచాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. పది శాతం కంటే తగ్గితే ఫోను ఇబ్బంది పెట్టవచ్చని గూగుల్ చెబుతుంది. దానికి కారణం ఫ్లాష్ మెమరీ పనిచేసే తీరులోనే ఉంది. అందులో చిన్న ముక్కలుగా రాయొచ్చు కానీ చెరపాలంటే పెద్ద దిమ్మెలుగానే చెరపాలి. పనికొచ్చే ముక్కలను పక్కకు జరిపి దిమ్మెను చెరపడానికి ఖాళీ కావాలి. అది లేకపోతే ప్రతి చిన్న రాతకీ లోపల పెద్ద సర్దుబాటు జరుగుతుంది, ఫోను నత్తనడక నడుస్తుంది. 64 జీబీ ఫోనులో ఆరేడు జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అది వృథాగా పడి ఉన్న చోటు అనుకోకండి.

దాచుకోవాల్సినవి ఎక్కడ దాచాలి

ఫోను జేబులో తిరిగేది, బస్సులో పోయేది, నీళ్లలో పడేది. దాన్ని గాదె చేసుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. గింజలు గాదెలో ఉండాలి, చేతి సంచిలో ఈ వారానికి సరిపడా ఉంటే చాలు. మీ తిరిగి రానివాటికి ఫోను బయట రెండు చోట్లు ఉండాలి. ఒక్కటి చాలదు.

మెమరీ కార్డుతో మనకు పాత అనుబంధం. సెల్ షాపులో డబ్బిచ్చి కార్డు నిండా పాటలు ఎక్కించుకున్న రోజులు చాలామందికి గుర్తే. కార్డు పెట్టుకునే వీలున్న ఫోనైతే కెమెరా ఫోటోలు నేరుగా దాంట్లోకి వెళ్లేలా మార్చుకోండి. వాట్సాప్ ఫైళ్లు మాత్రం నేరుగా వెళ్లవు, మీరే జరపాలి. 2015లో ఆండ్రాయిడ్ 6 కార్డును లోపలి మెమరీలో కలిపేసుకునే పద్ధతి ఒకటి తెచ్చింది. చాలా కంపెనీలు దాన్ని ఇవ్వలేదు. ఇచ్చినచోట కూడా ఆ కార్డు మరో ఫోనులో తెరుచుకోదు, యాప్‌లు నెమ్మదిస్తాయి. నేనైతే వద్దంటాను. కార్డును ఫోటోలకూ పాటలకూ వాడండి, యాప్‌లకు వద్దు. నకిలీ కార్డులు బజారులో బాగా తిరుగుతున్నాయి. పైన 512 అని ముద్ర ఉంటుంది, లోపల 32 ఉంటుంది, అది దాటాక రాసినవన్నీ చెడిపోతాయి. కొన్న రోజే కార్డును ఫైళ్లతో నింపి, అవి తిరిగి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, తర్వాతే దాన్ని నమ్మండి. అప్పుడు కూడా అదొక్కటే ఆధారం కాకూడదు. కార్డు ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా చచ్చిపోగలదు.

కార్డు లేని ఫోనుకు టైప్-సి పెన్‌డ్రైవ్ ఉంది. ఫోనుకు గుచ్చి ఫైళ్లు పంపించి తీసేయడమే. ఇంట్లో కంప్యూటర్ ఉంటే హార్డ్‌డిస్క్ ఇంకా చవక, ఏళ్ల తరబడి ఫోటోలు ఒకదాంట్లో పడతాయి. రెండో చోటుగా క్లౌడ్. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితం 15 జీబీ, అందులోనే జీమెయిలూ డ్రైవూ. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తోంది. అందువల్ల బ్యాకప్‌లోంచి వీడియోలను మినహాయించి, ముఖ్యమైన వీడియోలను విడిగా దాచుకోవడం మేలు. నెలకు కొంత డబ్బు కట్టి క్లౌడ్ కొనుక్కోవచ్చు, కానీ కట్టడం ఆపితే ఏమవుతుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఇక్కడ జరిగే పెద్ద నష్టం ఒకటుంది. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఫోటోను ఎంచుకుని డిలీట్ కొడతారు. అది ఫోనులోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ వాడినా అంతే. ఫోనులో మాత్రమే తీసేయడానికి గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అప్ స్పేస్ అని విడిగా ఉంది. పైకి చేరినవాటినే అది ఫోనులోంచి తీస్తుంది. ఐఫోన్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ పెడితే అసలు బొమ్మ పైన ఉండి, ఫోనులో చిన్న నకలు మిగులుతుంది. ఈ తేడా అమ్మకీ నాన్నకీ పక్కన కూర్చుని చూపించండి. ఫోన్లో చెబితే అర్థం కాదు. వాళ్ల ఫోనును మీరే తీసుకుని చకచకా ఖాళీ చేసేయడం ఇంకా తప్పు. మీకు చెత్తగా కనిపించిన మసక ఫోటోలో వాళ్ల చిన్ననాటి స్నేహితుడు ఉండొచ్చు. తీసేసే ప్రతిదీ వాళ్లను అడిగే తీసేయాలి. గంట పడుతుంది, పట్టనివ్వండి.

తర్వాతి ఫోను

ర్యామ్ సంగతి ఎలా ఉన్నా ఫోను ఎలాగో నడుస్తుంది. లోపలి స్టోరేజ్ మాత్రం కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. ధర చూసేముందు మీ ఇప్పటి ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, ఎన్నేళ్లలో ఎంత నిండిందో చూడండి. రెండేళ్లలో 50 జీబీ నింపినవారు నాలుగేళ్లు వాడదామనుకుంటే 128 ఇరుకే అవుతుంది. కొత్త ఫోనులో కెమెరా పెద్దది, ఫైళ్లూ పెద్దవే. పైగా అట్టపెట్టె మీద రాసినంతా మీది కాదు. 128 జీబీ అన్నది జీబీకి వందకోట్ల బైట్ల చొప్పున వేసిన లెక్క. కొన్ని తెరల మీద అది 119గా కనిపిస్తుంది, అందులోంచి సిస్టమ్ వాటా పోతుంది.

షాపులో ఎయిట్–వన్‌ట్వంటీయెయిట్ అంటారు. మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజ్. ప్రకటనలో 8+8 అని ఉంటే రెండో ఎనిమిది మీ స్టోరేజ్‌లోంచి తీసేదే, దానికి డబ్బివ్వకండి. కెమెరా మెగాపిక్సెళ్లకు పెట్టే అదనపు డబ్బును స్టోరేజ్ మెట్టుకు పెట్టడం చాలామంది విషయంలో మంచి బేరం. కార్డు పడుతుందా అని అడగండి. పడుతుందంటే, రెండు సిమ్‌లతోపాటు పడుతుందా, రెండో సిమ్ చోట్లో పడుతుందా అని కూడా అడగండి. హైబ్రిడ్ ట్రే అయితే జియో సిమ్ తీసి కార్డు పెట్టాలా అన్న సమస్య ఇంటికి వెళ్లాక తెలుస్తుంది. ట్రే బయటికి తీయించి కళ్లారా చూడండి, తప్పేమీ లేదు. అడిగేవాళ్లు ఎక్కువైతే కంపెనీ వింటుందని 2016లో శాంసంగ్ ఎస్7తో ఒకసారి రుజువైంది.

పాత ఫోను ఎక్స్ఛేంజ్‌కి ఇస్తున్నట్టయితే కొత్తది చేతికి వచ్చిన రోజే ఇచ్చేయకండి. వాట్సాప్ కొత్తదాంట్లో తెరుచుకుని పాత చాట్‌లలోని వాయిస్ మెసేజ్‌లు పలుకుతున్నాయో లేదో చూడండి. కాల్ రికార్డింగులు, ఫోనులోనే రాసుకున్న నోట్స్, బ్లూటూత్‌లో వచ్చిన ఫైళ్లు, మెమరీ కార్డు, ఇవి తమంతట తాము కొత్త ఫోనుకు రావు. అవన్నీ హార్డ్‌డిస్క్‌లో చేరాక, ఖాతాలు తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అప్పుడు షాపువాడి చేతిలో పెట్టండి.